ఆఁడు, ఆడు: ఒక అరసున్న కథ

హిందూపురంలో డిగ్రీ ఆడపిల్లలకు పాతపద్యం చెప్పేటప్పుడు ఏటా ఒకే ప్రశ్న ఎదురవుతుంది. "పలకని అరసున్నని రాయటం ఎందుకు మేడమ్?" అని. నేను బోర్డు మీద రెండు మాటలు రాస్తాను: ఆఁడు, ఆడు. అరసున్న ఉంటే స్త్రీ. లేకపోతే మాట్లాడటం, నాట్యమాడటం. నాఁడు అంటే ఆ రోజు, నాడు అంటే దేశం. ఒకప్పుడు నిండుగా పలికిన అనునాసికానికి మిగిలిన ఆనవాలు అరసున్న. బండి ఱ కథా ఇలాంటిదే. అరుగు అంటే వెళ్లు, అఱుగు అంటే జీర్ణమవు. ఈ రెండింటికీ ప్రాస కుదరదన్నారు లాక్షణికులు.

ఊరి పేరుకీ ఈ చరిత్ర ఉంది. 1565 తర్వాత విజయనగర రాజులకు రాజధాని అయిన ఊరిని ఇప్పుడు పెనుకొండ అని రాస్తున్నాం. పుట్టపర్తి నారాయణాచార్యులు చిన్నవయసులో ఆ ఊరి మీద రాసిన కావ్యం మాత్రం 'పెనుగొండ లక్ష్మి'. పెనుగొండ అనగానే ఇవాళ చాలామందికి గుర్తొచ్చేది వాసవీకన్యక అగ్నిప్రవేశం చేసిందని చెప్పే గోదావరి ఊరు. ఒక్క అక్షరం రెండు ఊళ్లని విడదీసింది.

అక్షరాల్లో ఇంత అర్థం ఉందని ఒప్పుకుంటూనే అడగాలి, దానికి కాపలా కాసిందెవరు? బడి, వ్యాకరణం అందినవాళ్లే. వాళ్లలో ఆడవాళ్లు ఎందరు? మొల్ల తన రామాయణం మొదట్లో తనకు శాస్త్రాలు తెలియవని చెప్పుకుంది. పద్యాల్లో మాత్రం ఆ తెలియనితనం కనపడదు. కవయిత్రి ముందుగానే సంజాయిషీ ఇచ్చుకోవలసి వచ్చిందన్నదే అసలు సంగతి. అందుకే గిడుగు రామమూర్తి (1863-1940) వాడుకభాష కోసం చేసిన పోరాటం మనకూ తలుపు తెరిచింది. అరసున్న ఎక్కడ పెట్టాలో తెలియకపోయినా కథ రాయొచ్చనే ధైర్యం మామూలు ఆడవాళ్లకు వచ్చింది.

అయితే కాపలా పూర్తిగా పోలేదు. ధర్మవరం మగ్గాల దగ్గర ఆడవాళ్లు "యాడికి పోతాండావు?" అంటారు. ఆ మాటని అలాగే రాసి నేనొక పత్రికకు పంపితే "ఎక్కడికి వెళ్తున్నావు?" అని అచ్చయింది. అర్థం మారలేదు కదా అన్నారు. మారింది. మాట్లాడే మనిషే మారిపోయింది. ఆమె ఊరూ, కులమూ, పనీ, చనువూ అన్నీ ఆ 'యాడికి'లోనే ఉన్నాయి.

ముద్దుపళని 'రాధికాసాంత్వనము' పాత అచ్చులో పద్యాలు వదిలేశారని గమనించిన బెంగళూరు నాగరత్నమ్మ, రాతప్రతి సంపాదించి 1910లో పూర్తిపాఠం అచ్చువేయించింది. పద్యాలు తీసెయ్యటం పెద్ద కత్తెర. అక్షరాలు దిద్దటం చిన్న కత్తెర. రెండోది ఎవరికీ కనపడదు, అందుకే ఎక్కువ జాగ్రత్త కావాలి. పాత కవయిత్రుల్ని మళ్లీ అచ్చువేసేటప్పుడు వాళ్ల అరసున్నల్ని వాళ్లకే ఉంచుదాం. కొత్తగా రాస్తున్న సీమ ఆడవాళ్ల 'యాడికి'ని కూడా.