అష్టావక్రుని శాపం, మెట్ట బావి నీళ్లు

మన సాహిత్యంలో వంగిన నడుముకు మంచిపేరు లేదు. మంథర గూనిది కాబట్టి బుద్ధీ వంకరే అని హరికథలు, నాటకాలు, సినిమాలు మనల్ని నమ్మించాయి. భారతం అరణ్యపర్వంలోని అష్టావక్రుడు మహాపండితుడే. అయినా ఆ ఎనిమిది వంకరల వెనుక తండ్రి శాపం ఉండి తీరాలి. దేహంలోని వైకల్యానికి కారణాన్ని శీలంలోనో కర్మలోనో వెతకడం మన కథలకు అలవాటైపోయింది. ఈ అలవాటును కాదనే చరిత్ర ఒకటి తెలుగునేల మీదే నడిచింది. దాన్ని సాహిత్యకారులు పట్టించుకోవలసినంతగా పట్టించుకోలేదన్నది నా అభియోగం. ఆ తప్పులో నాకూ వాటా ఉంది.

నేను మైలవరంలో తెలుగు ఉపాధ్యాయుణ్ణి. ఒకనాడు తరగతిలో అష్టావక్రుని కథ చెబుతున్నాను. వెనుక బెంచీ కుర్రవాడు లేచి, "మా అవ్వకు ఎవరి శాపం తగిలింది సార్?" అన్నాడు. తరగతి నవ్వింది. నేను కూడా నవ్వి పాఠంలోకి వెళ్లిపోయాను. తర్వాత ఆ అవ్వను చూశాను. నేలకేసి వంగిన మనిషి, మెడ తిప్పాలంటే ఒళ్లంతా తిప్పాలి. పుట్టిల్లు కనిగిరి వైపు మెట్టపల్లె. ఆమె జబ్బేమిటో తేల్చవలసింది వైద్యులు. కాని ఆ పల్లె పేరు నన్ను పాత వైద్యచరిత్రలోకి నడిపించింది.

మా ఊరి ఆనకట్ట దాటిన పెన్న నెల్లూరు సీమకు పోతుంది. ఆ నదీజలం అందని మెట్టప్రాంతాలు దర్శి, పొదిలి, కనిగిరి. తర్వాత ప్రకాశం జిల్లాలో చేరిన ఈ భాగాలు 1970 దాకా నెల్లూరు జిల్లావే. అక్కడి జనం నడుములు కొయ్యబారిపోవడానికి తాగే నీటిలోని ఫ్లోరైడే కారణమని 1937లో షార్ట్, ఆయన సహచరులు ప్రకటించారు. ఎక్స్‌రే చిత్రాల్లో వెన్నెముక పూసలు ఒకదానితో ఒకటి అతుక్కుపోయి కనిపించాయి. తరతరాల శాపం ఒక బావి దగ్గర తేలింది.

నీరు ఎముకనెలా వంచుతుంది? ఎముక కట్టెలాంటి జడవస్తువు కాదు. దానిలో కట్టే కణాలున్నాయి, కరిగించే కణాలున్నాయి. ఒకవైపు కూలుతూ, మరోవైపు లేస్తూ ఉండే కట్టడం అది. కాల్షియం, ఫాస్ఫేటు స్ఫటికాలు దానికి గట్టిదనాన్నిస్తాయి. నీటితో వచ్చిన ఫ్లోరైడు కొంత మూత్రంలో పోతుంది. ఒంట్లో నిలిచినదానిలో నూటికి 99 పాళ్లు ఎముకల్లోను, పళ్లలోను చేరుతుంది. స్ఫటికంలో హైడ్రాక్సిల్ స్థానాన్ని ఆక్రమిస్తుంది, ఎముక కట్టే కణాలను రెచ్చగొడుతుంది. ఎముక దట్టమవుతుంది గాని దృఢం కాదు. కీళ్లను పట్టి ఉంచే స్నాయువుల్లో సున్నం పేరుకుంటుంది. వెన్ను బిగుసుకుపోయి, కొందరిలో వెన్నుపాము నలిగి కాళ్లు చచ్చుబడతాయి. పళ్ల మీది గోధుమరంగు మరకలు మాత్రం పళ్లు ఏర్పడే వయసులోనే పడతాయి. అంటే పళ్లు బాల్యంలో తాగిన నీటికి సాక్ష్యం, ఎముకలు బతుకంతా తాగిన నీటికి సాక్ష్యం.

ఊరికంతటికీ ఒకటే బావి అయినా అందరి నడుములూ ఒకేలా వంగలేదు. ఎందుకని? ఎర్రటెండలో మట్టిపని చేసే మనిషి నీడపట్టున కూర్చున్నవాని కంటే ఎక్కువ నీళ్లు తాగుతాడు. ఆ నీటితోబాటు ఎక్కువ ఫ్లోరైడూ మింగుతాడు. పాలూ పెరుగూ ఎరగని ఒంట్లో కాల్షియం కొరత ఆ దెబ్బను మరింత పెంచుతుంది. పోషకాహార లోపం ఈ జబ్బును తీవ్రం చేస్తుందని 1940లోనే సి.జి. పండిట్ బృందం చెప్పింది. బావి అందరిదీ అయినా, చెమట కొందరిదే. ఈ తేడాను ఎముక నమోదు చేసింది.

1955లో సిద్దిఖీ నల్లగొండ జిల్లా రోగులను గురించి బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో రాశారు. 1973లో హైదరాబాదు జాతీయ పోషకాహార సంస్థకు చెందిన కృష్ణమాచారి, కమలా కృష్ణస్వామి కొత్త రూపాన్ని వర్ణించారు. ఎదిగే పిల్లల మోకాళ్లు లోపలికి వంగి ఒకదానికొకటి రాసుకుంటున్నాయి. నాగార్జునసాగర్ వచ్చాక భూగర్భజలం పైకి లేచి, నేలలోని ఖనిజాల పొందిక మారిందేమో, జొన్నలో మాలిబ్డినం పెరిగి ఒంట్లోని రాగి తగ్గిందేమోనని ఆ సంస్థ శాస్త్రజ్ఞులు శంకించారు. ఆనకట్ట పక్కన బతికే నాకు ఇది ఆనకట్టలపై తీర్పుగా తోచలేదు. నీరు తెచ్చేటప్పుడు మనిషి ఒంటినీ లెక్కలోకి తీసుకోవాలన్న హెచ్చరికగా తోచింది.

ఇక మందు. బిగిసిన వెన్నును మళ్లీ వంచగల మందు లేదు. ఉన్నదల్లా నివారణే. పటిక, సున్నంతో నీటిలోని ఫ్లోరైడును తగ్గించే పద్ధతి 1970లలో నల్లగొండ పేరుతోనే ప్రసిద్ధమైంది. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు మించరాదన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ హద్దు. 1937లో తెలిసిన కారణానికి పల్లెపల్లెకు మంచినీరు అనే జవాబు దశాబ్దాలు దాటినా పూర్తిగా అందలేదు. ఈ ఆలస్యం శాస్త్రం చేసింది కాదు. ఎవరి నడుము వంగితే ప్రభుత్వాలు కదులుతాయన్నది రాజకీయ ప్రశ్న.

అరణ్యపర్వంలో అష్టావక్రుడు సమంగా నదిలో మునిగి లేస్తే వంకరలన్నీ తీరాయి. పురాణంలో శాపం వంచింది, నీరు సరిచేసింది. మన మెట్టలో నీరే వంచింది, జనం దాన్ని శాపమనుకున్నారు. పాత్రను సృష్టించే రచయిత ఆ పాత్ర ఏ నీళ్లు తాగి పెరిగిందో తెలుసుకోవాలి. అది తెలియకుండా రాసిన గూని పాత్ర వాస్తవికత కాదు, పాత అవహేళనే.

ఆనాడు తరగతిలో నవ్వినందుకు ఆ కుర్రవాడికి నేను జవాబు బాకీ పడ్డాను. మీ అవ్వకు ఎవరి శాపమూ తగలలేదు నాయనా. ఈ ముక్క ఆనాడే చెప్పవలసింది.