బిందుఫలకమునఁ దెలుఁగులిపి

వ్రాఁతసాధనమును బట్టి లిపిరూపము మాఱుచుండుట లిపిశాస్త్రజ్ఞు లెఱిఁగినదే. ఱాతిపై నులి చెక్కిన యక్షరమునకును, తాటాకుపై గంటము గీచిన యక్షరమునకును, సీసపుటచ్చున కెక్కిన యక్షరమునకును గల భేదములు పండితులచేఁ బెక్కువిధములఁ జర్చింపఁబడినవి. ఇరువదవ శతాబ్ది యుత్తరార్ధమున వచ్చిన క్రొత్తసాధనము కంప్యూటరు తెర. అందు గీఁత లేదు, గళ్లు మాత్రమే కలవు. ఒక్కొక్క గడి వెలుఁగుట, వెలుఁగకుండుట యను రెండవస్థలచేతనే యక్షరము తోఁపవలయును. ఈ గడికిఁ బిక్సెలనియు, నిట్లేర్పడిన యక్షరములకు బిట్‌మ్యాప్ అక్షరములనియుఁ బేరు. ముగ్గునఁ జుక్కలు గీఁతకు నాధారములు. ఇచ్చటఁ జుక్కలే యక్షరశరీరము.

రోమను లిపికి నీ పద్ధతి సుఖముగా నమరినది. 5 గళ్ల వెడల్పు, 7 గళ్ల యెత్తు, అనఁగా 35 గళ్లలో నా లిపిలోని పెద్దక్షరము లన్నియు నిముడును. 1984లో ఆపిల్ సంస్థవారి మెకింటాషు యంత్రమునకై సూజన్ కేర్ యను చిత్రకారిణి షికాగో, జెనీవా మొదలగు నక్షరకుటుంబములను గళ్లపైఁ గూర్చి, యీ పనియు నొక కళయే యని నిరూపించెను. కాని యా గళ్ల కొలఁత రోమను లిపినిఁ జూచి పెట్టినది. తెలుఁగునకు నది చాలదు.

చాలమికిఁ గారణము లక్షరములలోనే కలవు. రకారగర్భమున నొక్క చుక్క యుంచిన ఠకార మగును. ఈ చుక్క గర్భపుగీఁత కంటకుండ నుండవలెనన్న పైగీఁత, ఖాళీ, చుక్క, ఖాళీ, క్రిందిగీఁత యని 5 వరుసలు పట్టును. 8 వరుసల గడిలోఁ దలకట్టునకును వత్తునకును గలిపి మిగులునవి 3 వరుసలే. దకార ధకారములకు భేదము క్రింది యొత్తుగీఁత. పకారమునఁ దలకట్టు విడిగా నుండును, వకారమున నంటియుండును. కావున నా రెంటికి నడుమ నర్థభేదమును నిలుపునది వెలిఁగిన గడి కాదు, వెలుఁగని గడి. ఆ ఖాళీ పూడినచో "పాడు" "వాడు" అగును.

ఈ విషయమునకు నికషోపలముగా ఖమ్మము మొదలు భద్రాచలము వఱకుఁ గల యడవిసీమ గ్రామనామములను గ్రహింపవచ్చును. ఖమ్మము, ఇల్లందు, కొత్తగూడెము, పాల్వంచ, బూర్గంపాడు, భద్రాచలము, దుమ్ముగూడెము, చర్ల, అశ్వారావుపేట: వీనిలో సంయుక్తాక్షరము లేని పేరు లేదు. మణుగూరు వంటివి కొన్ని మాత్రమే వత్తు లేనివి. 2016 అక్టోబరు 11న నేర్పడిన జిల్లా పేరగు "భద్రాద్రి కొత్తగూడెము"నందు సంయుక్తములు మూఁడు. ఇందు క్రారవడి యక్షరము క్రిందనుండి యెడమప్రక్కకు వంగి లేచును గనుక దానికిఁ గ్రిందనే గాక ప్రక్కను సయితము చోటు విడువవలయును. పాల్వంచయందుఁ బకారపు ఖాళీ పూడినచో "వాల్వంచ" యగును. బూర్గంపాడు "బూర్గంవాడు" అగును.

ఈ చిక్కును విప్పుటకు జరిగిన యత్నములు రెండు విధములు. ఐ.ఐ.టి. కాన్పూరునఁ బుట్టి, 1988లోఁ బుణెయందు స్థాపితమైన సీ-డాక్ సంస్థలోఁ బెరిగిన గిస్ట్ పద్ధతి మొదటిది. యంత్రము వర్ణక్రమమును మాత్రము దాఁచి, తెరపైఁ జూపునప్పుడు రూపమును గూర్చుట దీని మర్మము. ఆ వర్ణసంకేతములే 1991లో ఇస్కీ యను పేరఁ బ్రమాణమయ్యెను. ఆ యేఁటనే వెలువడిన యూనికోడు తొలికూర్పునను వత్తులకు వేఱు సంకేతములు లేవు. పొల్లును దాని వెనుకటి హల్లును గలిసియే వత్తగును.

రెండవది, 1998లో రోమన్ చిబోరా యారంభించిన యూనిఫాంటు. ఇందుఁ బ్రతిసంకేతమునకు నొక్క రూపము, 16 వరుసల యెత్తు, 8 గాని 16 గాని గళ్ల వెడల్పు. ప్రపంచలిపులకెల్ల నొకే కొలఁత యేర్పడుట దీని గుణము. అయినను సంకేతము లేని వత్తునకు నీ పట్టికలో స్థానమే లేదు. అందుచే నా రూపములనే వరుసగాఁ బేర్చినచో ఖమ్మము "ఖమ్‌మము" గాను, భద్రాచలము "భద్‌రాచలము" గాను దోఁచును. వర్ణక్రమము తప్పలేదు, పదముమాత్రము తెలుఁగువ్రాఁతగా నుండదు.

రేఖాక్షరములు వ్యాపించిన పిమ్మట నీ చర్చ ముగిసినదని తలంపరాదు. విద్యుద్దీపఫలకములు నేఁటికిని గళ్లమీఁదనే నడచుచున్నవి. ప్రాఁతయంత్రములపై నభిమానముచే నాటలందును, బ్రకటనలందును గళ్లయక్షరములు వేడుకకై మరలఁ గల్పింపఁబడుచున్నవి. ఇవి మొదటనే తెలుఁగు నెఱిఁగినవారు మాత్రమే చదువునవి కావు. ఈ సీమలోఁ గోయభాష యింటిభాషగాఁ గల బాలురు పెక్కురు. 2004లో నారంభమైన బహుభాషావిద్యాకార్యక్రమమునఁ గోయవాచకములకుఁ గైకొనఁబడినది తెలుఁగులిపియే. తెలుఁగు వాడుక తెలిసినవాఁడు చెడిన యక్షరమును సందర్భముచే సరిదిద్దుకొనును. క్రొత్తగా నేర్చు బాలున కక్షరమే యాధారము.

కావునఁ దెలుఁగు బిందులిపికి గళ్ల సంఖ్యను రోమనునుండి యరువు తేఁగూడదు. తలకట్టునకు, గర్భమునకు, వత్తునకు వలయు వరుసలను ముందు లెక్కించి, యక్షరభేదమును నిలుపు ఖాళీగళ్లను నిర్ణయించి, యా పిమ్మటనే ఫలకపు టెత్తును నిశ్చయింపవలయును. ఏ గడి పూడిన నే పదము చెడునో చెప్పఁగలవారు యంత్రజ్ఞులకంటె భాషాపండితులే. తాటాకునాఁడు వ్రాయసకాని కుండిన యీ భారము నేఁడు వారిపైఁ బడినది.