వింజమూరి అనసూయాదేవి

వింజమూరి అనసూయాదేవి (12 మే 1920 – 23 మార్చి 2019) జానపద గాయని, స్వరకర్త, హార్మోనియం విద్వాంసురాలు, రచయిత్రి. పుట్టింది కాకినాడలో, కన్నుమూసింది అమెరికాలోని హ్యూస్టన్‌లో. చెల్లెలు సీతాదేవితో కలిసి పాడిన రోజుల్లో ఇద్దరికీ కలిపి ‘వింజమూరి సోదరీమణులు’ అని పేరు. పెళ్లయ్యాక ఇంటిపేరు అవసరాల అయింది కానీ శ్రోతలకు ఆమె చివరిదాకా వింజమూరి అనసూయే. చేలో, పడవలో, తిరగలి దగ్గర పాడుకునే పాటను కచేరీ వేదిక మీదికీ రేడియోలోకీ తెచ్చిన తొలితరంలో ఆమెది ముందువరుస.

తండ్రి వెంకటలక్ష్మీనరసింహారావు సంస్కృతాంధ్ర పండితుడు, రంగస్థల నటుడు. తల్లి వెంకటరత్నమ్మ ‘అనసూయ’ అనే స్త్రీల పత్రికకు సంపాదకురాలు. పత్రిక పేరూ కూతురి పేరూ ఒకటే. మేనమామ భావకవి దేవులపల్లి కృష్ణశాస్త్రి. పాటకు ఇంతకన్నా అనువైన ఇల్లు ఆనాటి కాకినాడలో మరొకటి ఉందనుకోలేం. అప్పటి భావకవిత్వం అచ్చులో చదువుకునేందుకు రాసిందే అయినా సభల్లో గొంతెత్తి పాడితేనే ఊళ్లకు ఊళ్లు పాకింది. నండూరి సుబ్బారావు ‘ఎంకి పాటలు’ పుస్తకంగా వచ్చిన 1925 నాటికి అనసూయకు అయిదేళ్లు. ఆ పాటలు, బసవరాజు అప్పారావు గీతాలు, మేనమామ కవితలు వింటూ పెరిగిన పిల్ల చిన్నతనంలోనే వేదికెక్కింది, గ్రామఫోను రికార్డూ ఇచ్చింది.

నలుగురి ముందు పాడటం ఆ రోజుల్లో ‘సంసారుల ఇంటి’ ఆడపిల్లలకు తగని పని. గోదావరి జిల్లాల్లో సభలో పాడే స్త్రీ అంటే కళావంతుల ఇంటి విదుషి అనే లెక్క. ఆ అడ్డుగోడను పడగొట్టడానికి అక్కచెల్లెళ్లకు రెండు సంగతులు కలిసొచ్చాయి. ఒకటి పండితుల ఇల్లు. రెండోది జాతీయోద్యమం: దేశభక్తి గీతం పాడే అమ్మాయిని తప్పుపట్టడం అంత సులువు కాదు. కృష్ణశాస్త్రి రాసిన ‘జయ జయ జయ ప్రియభారత’ గీతానికి బాణీ కట్టింది అనసూయే. ఆ పాట తెలుగునాట బడిపిల్లలందరికీ వచ్చు, బాణీ ఎవరిదంటే చెప్పగలిగేవాళ్లు మాత్రం తక్కువ. కవి పేరు నిలిచి స్వరకర్త పేరు జారిపోవడం మనకు కొత్త కాదు.

1938లో మద్రాసు రేడియో కేంద్రం మొదలయ్యాక సోదరీమణుల పాట ఊరూరికీ చేరింది. ఊడ్పుల పాటలు, దంపుళ్ల పాటలు, పెళ్లిపాటలు, లాలిపాటలు వాళ్ల గొంతుల్లో కొత్త మర్యాద తెచ్చుకున్నాయి. జానపద గేయాలను పోగుచేయడం అప్పటికే ఉంది. చార్లెస్ గోవర్ దక్షిణదేశపు జానపద గేయాల మీద 1871లోనే పుస్తకం వేశాడు. తర్వాతి కాలంలో నేదునూరి గంగాధరం, బిరుదురాజు రామరాజు వేల పంక్తులు సేకరించారు. అయితే వాళ్లది మాట సేకరణ. కాగితం మీదికొచ్చిన పాటకు నడక ఉండదు. ఆ నడకను పట్టుకుని స్వరపరచడం, స్వరలిపితో పుస్తకాలుగా అచ్చువేయడం అనసూయ చేసిన పనుల్లో అన్నిటికన్నా విలువైనదని ఈ వ్యాసకర్త అభిప్రాయం.

ఇక్కడొక చిక్కుంది. సోదరీమణుల కచేరీల్లో ‘జానపదం’ పేరుతో రెండు రకాల పాటలు పక్కపక్కనే నడిచాయి. కర్త తెలియని కూలిజనం పాటలు ఒకటి. ఆ ధోరణిలో చదువుకున్న కవులు రాసినవి రెండోది. కొనకళ్ల వెంకటరత్నం రాసిన మొక్కజొన్నతోట పాట రెండో కోవలోది. దాన్ని నేటికీ చాలామంది అజ్ఞాత పల్లెపాట అనే అనుకుంటారు. పైగా హార్మోనియం శ్రుతికి ఒదిగి, శాస్త్రీయ సంగీతం తెలిసిన గొంతులో పలికేసరికి చేలోని మొరటుతనం కొంత నునుపు తేలింది. ఆ నునుపు లేకుంటే అప్పటి సభలు ఆ పాటను లోపలికి రానిచ్చేవా అన్నది వేరే ప్రశ్న.

దాదాపు ఆ కాలంలోనే అమెరికాలో ఇలాంటి పనే జరిగింది. 1927 వేసవిలో టెన్నెసీ రాష్ట్రంలోని బ్రిస్టల్‌లో రికార్డింగు కంపెనీ వాళ్లు మకాం వేస్తే, వర్జీనియా కొండల నుంచి కార్టర్ కుటుంబం వచ్చి పాడింది. సారా, మేబెల్ అనే ఇద్దరాడవాళ్ల గొంతులే ఆ బృందానికి ప్రాణం. అక్కడ ఆ పాట ‘కంట్రీ మ్యూజిక్’ అనే పెద్ద వ్యాపారమైంది. ఇక్కడ రేడియో కార్యక్రమంగా, సభల మొదట్లో ప్రార్థనాగీతంగా, సినిమాలో ఒక్కోసారి బాణీగా మిగిలింది. ఆ కంట్రీ సంగీతానికి పెట్టనికోట లాంటి టెక్సాస్ రాష్ట్రంలోనే అనసూయ చివరి దశాబ్దాలు గడిచాయి.

సీతాదేవి దారి కొంత వేరు. ఆమె హైదరాబాదు ఆకాశవాణిలో జానపద సంగీత విభాగం చూశారు. గౌతమ్ ఘోష్ తీసిన ‘మా భూమి’ (1979) సినిమాకు కె.నాగభూషణంతో కలిసి సంగీతం కూర్చారు. భావకవుల ఇంట పెరిగిన కాకినాడ అమ్మాయి తెలంగాణ సాయుధ పోరాట కథకు, గద్దర్ తెరమీద కనిపించి పాడిన సినిమాకు సంగీతం చేయడం అక్కచెల్లెళ్ల చరిత్రలో అన్నిటికన్నా ఆసక్తికరమైన మలుపు.

విశాఖలోని ఆంధ్ర విశ్వవిద్యాలయం 1977లో అనసూయకు కళాప్రపూర్ణ ఇచ్చింది. కూచిపూడి నర్తకిగా పేరుపొందిన కుమార్తె రత్నపాప హ్యూస్టన్‌లో ‘అంజలి’ నాట్య సంస్థ స్థాపించారు. తల్లి కూడా ఆ ఊరే చేరుకున్నారు. తొంభై దాటాక ఆమె రాసుకున్న ఆత్మకథ ‘అసమాన అనసూయ’ను వంగూరి ఫౌండేషన్ ప్రచురించింది. ‘నా గురించి నేనే’ అన్నది దాని ఉపశీర్షిక. పేరులోనే తెలుస్తుంది, వినయం నటించే అలవాటు ఆమెకు లేదని. తొంభై ఎనిమిదేళ్ల వయసులో హ్యూస్టన్‌లోనే మరణించారు.

అనసూయ బాణీ చేరని పాట కూడా తెలుగునాట చాలానే ఉంది. చోడవరం, మాడుగుల మొదలుకొని శ్రీకాకుళం దాకా ఆడే తప్పెటగుళ్లు, చెప్పే జముకులకథ ఆ కోవలోవి. గుండెకు కట్టుకున్న తప్పెట, కాళ్ల గజ్జెలు, గుంపు ఎగిరే ఊపు కలిస్తేనే తప్పెటగుళ్ల పాట. అందులోంచి గొంతును మాత్రమే విడదీసి హార్మోనియానికి అప్పగిస్తే మిగిలేది తక్కువ. అందుకే ఉత్తరాంధ్రలో ఆ కళలు రేడియో గాయనుల చేతికి రాకుండా, ఊరి పండగల్లో బృందాల వారసత్వంగానే సాగాయి. స్త్రీలు పాడే ఊడ్పుల పాటల సంగతి అలా కాదు. వాటికి వాద్యం అవసరం లేదు, ఒకరు అందిస్తే మిగిలినవారు అందుకుంటారు. సోదరీమణుల జంటగానానికి ఆ అమరికే సరిగ్గా సరిపోయింది.