కట్టుడు పండ్ల కథ

ఆవకాయ ముక్కను చీకి విడుచుటే తప్ప కొరుకజాలని పెద్దలు కృష్ణా డెల్టాలో ప్రతి గ్రామమునందును గలరు. పండ్లూడుట ముసలితనపు ధర్మమని వారు సరిపెట్టుకొందురు. కాని మనుష్యుడు ఏనాడును అట్లు సరిపెట్టుకొని యూరకుండలేదు.

కదలు పుచ్చుపంటిని తీసి ఆ చోటు కాల్చవలెనని సుశ్రుతుడు చెప్పెను. పైదవుడ పన్ను మాత్రము కదలుచున్నను పెరుకవలదనెను. నెత్తురు మిక్కుటముగా పోయి కన్ను చెడునని యాయన భయము. పైపన్ను తీసిన చూపు పోవునని నేటికిని మన పల్లెలలో వినబడు మాటకు మూలమిదియే కాబోలు. నేటి వైద్యమీ భయమునకు ఆధారము లేదని తేల్చినది. వాగ్భటుడు పంటి తొఱ్ఱను బెల్లముతోగాని మైనముతోగాని నింపి, కాచిన శలాకతో కాల్చుమనెను. నేడు మనము పెట్టించుకొను సిమెంటునకు ఆ మైనము తాత వరుస.

పోయిన పంటికి మారుపంటిని నిలుపుట వేఱొక విద్య. ఇటలీదేశపు ఎట్రుస్కనులు క్రీస్తుకు పూర్వము ఏడవ శతాబ్దినాటికే బంగారు రేకుతో మారుపంటిని ప్రక్కపండ్లకు బిగించిరి. 1815లో వాటర్లూ రణభూమిని పడిన సైనికుల పండ్లను పెరికి ఐరోపా ధనికుల నోళ్లలో నమర్చిరట! వినుటకే రోత. పందొమ్మిదవ శతాబ్ది మధ్యమున గట్టిపఱచిన రబ్బరు పీఠము వచ్చిన పిదపనే కట్టుడు పండ్లు సామాన్యునకందినవి. 1930 తరువాత ఆక్రిలిక్ దాని చోటు నాక్రమించెను.

మన దేశమున 1920లో కలకత్తాయందు డాక్టరు అహమ్మద్ గారు దంతవైద్య కళాశాల నెలకొల్పిరి. 1948లో దంతవైద్యుల చట్టము వచ్చి, పేరు నమోదుకానివారు ఈ వృత్తి చేయరాదనెను. హైదరాబాదున ప్రభుత్వ దంతవైద్య కళాశాల 1959లో వెలసెను. నేడు విజయవాడలోను అట్టిది కలదు.

చట్టము వచ్చినను, గడియలో పన్ను కట్టెదమని బాట ప్రక్కన కూర్చుండువారు పోలేదు. వారు పుచ్చువేరును లోననే విడిచి, పైన ఆక్రిలిక్ ముద్ద పోసి ప్రక్కపండ్లకంటింతురు. అది తీసి కడుగుటకు రాదు. దాని క్రింద అన్నము కుళ్లును, చిగురు వాచును, మంచిపండ్లును కదలును. ఒక పంటికై పోయి నాలుగు పోగొట్టుకొనుట!

వేరు గట్టిగనున్న పంటికి తొడుగు చాలును. నడుమ నొకటి పోయిన వంతెన కట్టుదురు. దానికై ఇరుప్రక్కల పండ్ల నరుగదీయవలెను. స్వీడను దేశీయుడగు బ్రోనెమార్క్ టైటానియము ఎముకతో నతుకుకొనునని కనుగొని, 1965లో మొదటిసారి మనుష్యుని దవుడలో మరలు నాటెను. అది వ్యయముతో గూడినది. మధుమేహమున్నవారు ముందు చక్కెరను అదుపున నుంచుకొనవలెను. పండ్లన్నియు పోయినవారికి తీసి పెట్టుకొను సెట్టు సులభమార్గము. ప్రభుత్వ కళాశాలలలో విద్యార్థులు గురువుల కనుసన్నలలో దానిని చేయుదురు. అచ్చు తీయుటకు, కొలత చూచుటకు, సరిదిద్దుటకు నాలుగైదు మారులు తిరుగవలసియుండును.