హోరులో గొంతును పట్టుకోవడం: వేదికపై మైకులు, మానిటర్ల చరిత్ర

స్టూడియోలో నిశ్శబ్దం మన చేతిలో ఉంటుంది. జనంతో నిండిన వేదిక దగ్గర అలా ఉండదు. అక్కడ ఏ మైకు వాడాలి, రికార్డవుతున్న ధ్వనిని ఎలా వినాలి అనేవి విడివిడి ప్రశ్నలుగా కనిపిస్తాయి. నిజానికి ఈ రెండూ ఒకే ప్రశ్న అని చరిత్ర చెబుతుంది. ఎలాగో ఈ భాగంలో పరిశీలిద్దాం.

హాలీవుడ్ బౌల్ అనుభవం

1964 ఆగస్టు 23న లాస్ ఏంజెలెస్‌లోని హాలీవుడ్ బౌల్ అనే ఆరుబయలు రంగస్థలంలో బీటిల్స్ బృందం కచేరీ చేసింది. దాన్ని మూడు ట్రాకుల టేపుపై రికార్డు చేశారు. అభిమానుల కేకలు పాటతో పాటే మైకుల్లోకి వచ్చాయి. గాయకులకు తమ గొంతు తమకు వినిపించే మానిటర్ స్పీకర్లు వేదికపై లేవు. 1965 ఆగస్టులో అక్కడే మళ్లీ రికార్డు చేశారు. అయినా ఆ టేపుల నుంచి ఆల్బమ్ 1977లో గానీ వెలువడలేదు. కలిసిపోయిన ధ్వనులను కంప్యూటర్‌తో కొంత వేరుచేసి 2016లో మళ్లీ విడుదల చేశారు. ఆ సాయంత్రాల లోటును కొంతవరకు సరిదిద్దడానికి అర్ధ శతాబ్దం పట్టిందని మీరు గమనించాలి.

మైకు ఎటు వినదు?

ఒక దిశ నుంచే ఎక్కువగా వినే మైకు అప్పటికే ఉంది. షూర్ కంపెనీలో బెంజమిన్ బాయర్ రూపొందించిన యూనిడైన్ మైకు 1939లో వచ్చింది. అదే కంపెనీ 1966లో తెచ్చిన ఎస్‌ఎం58 నేటికీ వేదికలపై కనిపిస్తుంది. ఇవి కార్డియాయిడ్ మైకులు, అంటే హృదయాకారంలో ధ్వనిని గ్రహించేవి. సరిగ్గా వెనుక నుంచి వచ్చే ధ్వనిని ఇవి అతి తక్కువగా గ్రహిస్తాయి. అందుకే మానిటర్ స్పీకర్‌ను మైకు వెనుక ఉంచుతారు. సూపర్‌కార్డియాయిడ్ మైకు అతి తక్కువగా వినేది వెనుక ఇరుపక్కల, సుమారు 125 డిగ్రీల కోణంలో. కాబట్టి మైకు మారిస్తే మానిటర్ స్థానమూ మార్చాలి.

1974లో అమెరికాకు చెందిన గ్రేట్‌ఫుల్ డెడ్ బృందం మరో దారి పట్టింది. స్పీకర్లన్నీ కళాకారుల వెనుకే గోడలా పేర్చడంతో వేరే మానిటర్లు అవసరం లేకపోయింది. అయితే ఆ శబ్దం నేరుగా మైకుల్లోకి వస్తుంది. అందుకని ఒక్కో గాయకుడికి రెండు మైకులు పెట్టి, వాటిని వ్యతిరేక ధ్రువతతో కలిపారు. గాయకుడు ఒక మైకులోనే పాడతాడు. రెండింటికీ సమానంగా చేరే హోరు చాలావరకు రద్దవుతుంది. ఇక్కడ కూడా మానిటర్ ఏర్పాటే మైకును నిర్ణయించింది.

రికార్డు చేసేవారి చెవి

ఈ సూత్రం మీకూ వర్తిస్తుంది. చెవులను పూర్తిగా కప్పే, వెనుకవైపు మూసి ఉండే హెడ్‌ఫోన్లు వాడండి. లేకపోతే బయటి పాట చెవిలో పడి, టేపులోనూ అలాగే ఉందని భ్రమ కలుగుతుంది. హోరును మించి వినాలని శబ్దం పెంచకండి. అమెరికా వృత్తి ఆరోగ్య సంస్థ నియోష్ సిఫారసు ప్రకారం 100 డెసిబెల్ల వద్ద రోజుకు 15 నిమిషాలే పరిమితి. పాడైన టేపును ఎప్పుడైనా కొంత బాగుచేయవచ్చు. పోయిన వినికిడి తిరిగిరాదు.

మీ ప్రగతిని సరిచూసుకోండి

మీ ఊరి జాతరలో డప్పుల మధ్య ఒక గాయని పాటను రికార్డు చేయాలి. డప్పులు, మానిటర్ ఎక్కడ ఉండాలో పటం గీసి, మైకును ఎంచుకుని, కారణం రాయండి.