ఎర్రచందనం కథ



ఎర్రచందనం వేస్తే కోట్లు వస్తాయన్న మాట సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ వైపు మీ చెవిని కూడా పడే ఉంటుంది. వరిపొలం తీసివేసి ఈ మొక్క పెట్టాలనే ఆశ మీలో ఎవరికైనా కలిగితే, ముందుగా దాని పుట్టుపూర్వోత్తరాలు వినండి.

దీని పుట్టినిల్లు మన సీమ కాదు. శేషాచలం, పాలకొండ, లంకమల, వెలిగొండ కొండలు. అక్కడ వాన తక్కువ, రాయి ఎక్కువ; నీరు నిలవదు. అటువంటి నేలలో చెట్టు మెల్లగా ఎదుగును. పైనున్న తెల్లచెక్కకు విలువ లేదు. లోపలి ఎర్రని చేవకే విలువ. బాగా ముదిరిన చేవ నీటిలో వేస్తే మునిగిపోతుంది.

మన పెద్దలు దీనితో ఇంటి స్తంభాలు నిలిపారు, తిరుపతి బొమ్మలు చెక్కారు. చెక్కను సానమీద అరగదీసి లేపనంగా పూసుకున్నారు. ఐరోపా వర్తకులు బట్టల అద్దకానికని ఓడల కెత్తించారు. 1856లో పెర్కిన్ అనే ఆయన కృత్రిమ రంగు కనిపెట్టాడు. అటువంటి రంగులు బజారుకు వచ్చిన కొద్దీ చెక్కరంగుకు గిరాకీ పడిపోయింది. అయితే జపాను వారు షామిసెన్ అనే తంత్రీవాద్యానికి, చైనా వారు ఇంటి సామానుకు దీన్ని కోరారు. అలలు తీరిన చెక్కకైతే మరీ ధర. ఆ ధరే అడవికి చేటు తెచ్చింది, దొంగనరుకుడు పెరిగింది. 1995లో అంతర్జాతీయ ఒప్పందం కింద దీని వ్యాపారానికి కట్టుబాట్లు పెట్టారు. పట్టాభూమిలో పెంచిన చెక్క ఎగుమతికి 2019లో మన ప్రభుత్వం దారి ఇచ్చింది.

ఇక మన సంగతి. 1967 ఆగస్టు 4న నాగార్జునసాగర్ కాలువలకు నీరు వదిలారు. ఎడమ కాలువ కింద మిర్యాలగూడ, కోదాడ వైపు ఖుష్కి భూములెన్నో తరి అయ్యాయి. ఆ తరిలో, నీరు నిలిచే చోట, ఈ చెట్టు వేరు దెబ్బతింటుంది. చేవ పట్టడానికి దశాబ్దాలు కావాలి. అల అన్ని చెట్లకూ రాదు. లేతమొక్కను చూసి వస్తుందని ఎవరూ చెప్పలేరు.

కాబట్టి తిండి పెట్టే వరిమడిని కదిలించకండి. నీరు జారే చెలకలో, గుట్టవారన, మీ పిల్లల కోసమని నాలుగు మొక్కలు పెట్టండి. కొన్న రసీదు దాచండి, రెవెన్యూ రికార్డులో రాయించండి. నరకాలన్నా, తరలించాలన్నా అటవీశాఖ అనుమతి ఉండవలెను. విస్తరణాధికారులు ఈ సంగతి రైతుకు మొక్క కొనకముందే చెప్పవలెను. కొన్న తరువాత చెప్పి ఏం లాభం?