బిగ్ టెన్ అంటే పద్దెనిమిది

బిగ్ టెన్‌లో ఇప్పుడు 18 యూనివర్సిటీలున్నాయి. అట్లాంటిక్ కోస్ట్ కాన్ఫరెన్సులోనేమో కాలిఫోర్నియాలోని స్టాన్‌ఫర్డ్, బర్కిలీ ఉన్నాయి. వేరియబుల్స్‌కి ఇలాంటి పేర్లు పెడితే కోడ్ రివ్యూలో ఊరుకుంటారా? కాన్ఫరెన్స్ అంటే పేపర్లు చదివే సభ కాదండోయ్, ఏటా తమలో తాము ఆడుకునే కాలేజీల కూటమి. అమెరికాలో ఎమ్మెస్ చేసిన మనవాళ్ళకి టీముల పేర్లు తెలుసు కానీ ఈ కూటముల గొడవ అంతగా పట్టదు. నాకు మాత్రం ఆటకన్నా ఈ చరిత్రే ఆసక్తి.

1984 దాకా ఏ కాలేజీ ఫుట్‌బాల్ టీవీలో ఎన్నిసార్లు రావాలో ఎన్‌సీఏఏ నిర్ణయించేది. ఓక్లహోమా, జార్జియా యూనివర్సిటీలు కోర్టుకెళ్ళాయి. ఆ పెత్తనం చెల్లదని సుప్రీంకోర్టు 7-2తో తేల్చేసింది. ఒప్పుకోని ఇద్దరు జడ్జీల్లో బైరన్ వైట్ ఒకరు. ఆయన ఒకప్పుడు కొలరాడో యూనివర్సిటీ ఫుట్‌బాల్ హీరో. కాలేజీ ఆటల్ని ఉత్త వ్యాపారంగా చూడటం తప్పని ఆయన వాదన.

అక్కణ్ణుంచి టీవీ బేరం కాలేజీల, కాన్ఫరెన్సుల చేతికొచ్చింది. 1914లో పుట్టిన సౌత్‌వెస్ట్ కాన్ఫరెన్స్, అక్రమాలకి పడ్డ శిక్షలు కొంత, టీవీ డబ్బు కొంత తినేసి, 1996లో మూతపడింది. టెక్సాస్, ఏ అండ్ ఎం, టెక్సాస్ టెక్, బేలర్ వెళ్ళి బిగ్ ఎయిట్‌తో కలిస్తే బిగ్ 12 అయింది. రైస్, టీసీయూ, ఎస్ఎంయూ, హ్యూస్టన్ బయట మిగిలాయి. ఎస్ఎంయూకి మళ్ళీ పెద్ద కూటమిలో సీటు దొరికింది 2024లో, అదీ తొమ్మిదేళ్ళు టీవీ వాటా అడగనని ఒప్పుకుంటేనే!

పాక్-12 కథ ఇంకా ఘోరం. 2022లో యూఎస్‌సీ, యూసీఎల్‌ఏ బిగ్ టెన్‌కి వెళ్తామన్నాయి. 2023 జూలైలో కొలరాడో (అవును, వైట్ గారి కొలరాడోనే) బిగ్ 12కి జై కొట్టింది. సెప్టెంబరు మొదటికల్లా ఇంకో ఏడు ఖాళీ. పన్నెండింట్లో మిగిలినవి ఒరెగాన్ స్టేట్, వాషింగ్టన్ స్టేట్. వాళ్ళు చేసిన తప్పల్లా కొర్వాలిస్, పుల్‌మన్ లాంటి చిన్న ఊళ్ళలో ఉండటమే.

సరే, వెళ్ళినవాళ్ళన్నా సుఖపడ్డారా? యూసీఎల్‌ఏ వెళ్ళిపోయి సాటి క్యాంపస్ బర్కిలీకి నష్టం చేసిందని, ఏటా కోటి డాలర్లు మూడేళ్ళపాటు కట్టమని 2024లో రీజెంట్లు తీర్మానించారు. దాన్ని జనం భరణం అని ఎగతాళి చేశారు. ఇక లాస్ ఏంజెలెస్ నుంచి న్యూజెర్సీలోని రట్గర్స్‌కి దాదాపు 4 వేల కిలోమీటర్లు. ఫుట్‌బాల్ వాళ్ళు వారానికొక్కసారి ఆడతారు, ఫర్వాలేదు. వాలీబాల్, సాఫ్ట్‌బాల్ ఆడే అమ్మాయిలకి అన్ని మ్యాచ్‌లూ, అన్ని ప్రయాణాలూ ఎక్కువే. పరీక్షలు మాత్రం మామూలుగానే ఉంటాయి. ఒప్పందం ఫుట్‌బాల్‌ది, అలసట వీళ్ళది.

ఫుట్‌బాల్ ఒక్కదాన్నీ విడదీసి దాని బేరం దానికి పెట్టి, మిగతా ఆటల్ని పక్క ఊరి కాలేజీలతో ఆడుకోనివ్వొచ్చుగా? ఒకదాన్ని కదిపితే అన్నీ కదిలే డిజైన్ మంచిది కాదని మనకి వేరే చెప్పాలా! మీరేమంటారు?